మడిసిన వేలు

నౌషీన్ తోలుకొచ్చిన బండి మక్తల్ దాటి
మా వాకిట్ల ఆగేసరికి పొద్దు బారెడెక్కింది.
దిగిన్రు ఆరుగురు.
మెడల కెమెరాలు, చేతులకు సబ్బు వాసన.
మనిషికి ఎనిమిది నూర్లు కట్టిన్రంట
నా పొయ్యి కాడ కూసొని
జొన్నపిండి పిసుకనీకి.

నవ్వొచ్చింది నాకు.
నేను నేర్చుకున్నప్పుడు ఫీజు వేరే ఉండె.
రొట్టె ఇరిగితే మా అత్త
తడిగుడ్డతోని మణికట్టు మీద ఒక్కటిచ్చేది.
ఆ లెక్కన నేను ఎవ్వరికీ బాకీ లేను.

"ఎన్ని నీళ్లు పొయ్యాలె, కుర్మమ్మా?"
పుణె పిల్ల పుస్తకం తెరిచింది.
ఎన్నంటే ఏం జెప్పాలె?
జొన్న ఏ చేన్లదో, ఇసిరి ఎన్ని దినాలైందో,
వాన ముందటిదో ఎనకటిదో.
ఎసరు మసిలి గిన్నె అంచుకు ముత్యాలు కట్టినంక
పిండి నడుమ గుంట జేసి పొయ్యి,
అదే అంటది, చాలని.
"పిండి అంటది" అని రాసుకుంది.
రాసుకోనీ.

"కాలుతుంది" అన్నడు బెంగుళూరు పిల్లగాడు.
కాలాలె. చల్లారితే అది ముద్ద గాదు, మన్ను.
అరచేతి మడిమతోని తొక్కు.
ఒకరి రొట్టెకు నాలుగు మూలలు లేసినయి,
ఒకామెది పీటను ఇడువనంటది,
నవ్వుడు, ఫోటోలు, మళ్ల నవ్వుడు.

ఆరో మనిషి సోమనర్సయ్య.
పాలమూరు డిపోల ముప్పై ఏండ్లు కండక్టరంట.
రిటైరైనా జేబుల పెన్ను దిగలే.
చిల్లర సరిచూసినట్టు
పిండిని వేళ్ల సందుల రాల్చి చూసిండు.
ఏం అడగలే.

తట్టుడు సురువైంది.
ఉంగరం వేలు లోపలికి మడిసి
మిగిలిన వాటితోనే తడుతుండు.
"వేళ్లు ఇప్పు సారూ, అంచు పలుగుతది."
ఇప్పలే.
"చెప్తి గద, చెయ్యి మొత్తం ఆనాలె."
ఆనియ్యలే.
పలిగింది. ముద్దజేసి మళ్ల తట్టిండు. మళ్ల పలిగింది.
నాకు మా అత్త పూనింది,
తడిగుడ్డ చేతుల ఉండనే ఉంది.

అప్పుడన్నడు, పీట దిక్కే చూసుకుంట:
"మా అంజనమ్మకు ఆ వేలు లేకుండె.
చొప్ప కోసే మిషిన్ల పోయింది, పెండ్లికి ముందే.
ఆమె రొట్టె మీద వేళ్ల గుర్తుల నడుమ
సన్న గట్టు ఒకటి లేస్తుండె.
పెంక మీద అదే ముందు నల్లవడేది,
పండ్ల కింద కరకరమనేది.
ఇప్పుడు బస్టాండు కాడ దినాం రెండు కొంట.
గుండ్రంగనే ఉంటయి."

నీళ్ల చెంబు ఆయన దిక్కు జరిపిన.
ఇంకేం అన్లే.
బెంగుళూరోళ్లు అప్పటికే
సిగ్నల్ కోసం మిద్దెక్కిన్రు.

ఐదోది పెంక మీద పడ్డది.
గట్టు లేసిందో లేదో నాకైతే కనవడలే.
ఆయనకు ఏం కనవడ్డదో,
నీళ్లద్దుడు మరిచి చూస్తనే ఉండు.
మాడింది.
మాడినదే తిన్నడు.
పుంటికూర వద్దన్నడు, బుడ్డల పొడి వద్దన్నడు,
ఉత్తదే, మెల్లగ.

పోయేటప్పుడు నౌషీన్ పదిహేను వందలు చేతుల వెట్టింది.
బండెక్కినాయన మళ్ల దిగి
"మనిషికి మూడు వందలు గద అమ్మా,
మేం ఆరుగురం" అన్నడు.
నౌషీన్ నాలిక గరుసుకుంది.

రాత్రి మా ఇంటాయనకు రొట్టెలు జేస్తుంటె
ఎవ్వరూ లేంది చూసి
ఆ వేలు మడిసి తట్టిన.
నలభై ఏండ్ల చెయ్యి నాది.
పలిగింది.
ముద్దజేసి మళ్ల తట్టిన.

"ఎసరు తక్కువైందా ఏంది?"
అన్నడు గడప అవుతల నుంచి.

"ఊకో" అన్న.
"నేర్చుకుంటున్న."